పాసు రాయించు, పులిని చూసొద్దాం

ఖరగ్‌పూర్ జంక్షన్ నుంచి మూడు దిక్కులకు రైలు మార్గాలు, ఒక్కో మార్గంలో కనీసం ఒక జూ. జర్మనీ వాళ్లు జూ ముందే స్టేషన్ కట్టుకున్నారు. ఈ రైల్వే ఊరి తెలుగు కుటుంబాలు స్టేషన్‌నే ఇంటి గుమ్మం చేసుకున్నాయి.

చలికాలపు ఆదివారం. మంచు ఇంకా విడలేదు. ఖరగ్‌పూర్‌లో హౌరా లోకల్ ఎక్కుతున్నవాళ్ల చేతుల్లో ఆఫీసు సంచులకన్నా టిఫిన్ క్యారియర్లే ఎక్కువ. ఒకదాంట్లో పులిహోర, ఇంకోదాంట్లో పూరీలు, ఆలూర్ దమ్. పిల్లల తలలకు మంకీ క్యాపులు. కిటికీ పక్క సీటు కోసం తోపులాట.

"మనం వెళ్లేసరికి పులి పడుకునుంటే ఎలాగ తాతా?"

"పొద్దెక్కితే పడుకుంటాది నానా. అందుకే గదా ఈ బండికి బయల్దేరాం."

శ్రీకాకుళం యాస, మధ్యమధ్య బెంగాలీ మాటలు, మూడు తరాలకూ నోటికొచ్చిన స్టేషన్ల వరుస. ఇలాంటి కుటుంబం ప్రతి చలికాలం హౌరా లోకల్లో కనిపిస్తుంది. జూకి ఎలా వెళ్దామంటే హైదరాబాద్‌లోనో విశాఖలోనో కారు మాటో క్యాబ్ మాటో వస్తుంది. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఆ కబుర్లు ఏ బండి, ఏ వారం, ఎవరి పాసు అన్న దగ్గర మొదలవుతాయి.

అలా మొదలవడానికి ఈ ఊరి పుట్టుకే కారణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, ఆ శతాబ్దం చివరికల్లా ఖరగ్‌పూర్‌ను జంక్షన్‌గా, పెద్ద వర్క్‌షాపు ఊరుగా ఎంచుకుంది. 1900లో కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది మీది వంతెన తెరుచుకుని హౌరాతో నేరుగా కలిసింది. దక్షిణాన తూర్పుతీరపు లైను గంజాం, శ్రీకాకుళం, విజయనగరం మీదుగా విశాఖదాకా సాగింది. ఆ లైను వెంబడే పల్లెల జనం పనికోసం ఉత్తరానికి వచ్చారు. ఫిట్టర్లయ్యారు, గ్యాంగ్‌మన్లయ్యారు, ఫైర్‌మన్లయ్యారు. మథురాకాటి, నింపురా, ఓల్డ్ సెటిల్మెంట్, న్యూ సెటిల్మెంట్ వీధుల్లో తెలుగు స్థిరపడింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు మొదట వినిపించిన పేరు ఈ ఊరిదే.

పాసు సంగతీ చెప్పుకోవాలి. అయిదేళ్ల సర్వీసు నిండిన నాన్ గెజిటెడ్ రైల్వే ఉద్యోగికి ఏడాదికి మూడు ప్రివిలేజ్ పాసులు, నాలుగు పీటీవోలు (ప్రివిలేజ్ టికెట్ ఆర్డర్లు) వస్తాయి. పాసు మీద ప్రయాణం ఉచితం. పీటీవో మీద మూడోవంతు ఛార్జీ. ఒకటి సొంతూరి పండక్కి పోతుంది, ఒకటి తిరుపతికి, ఇంకోటి ఎవరిదో పెళ్లికి. పిల్లల జూ సాధారణంగా ఈ మూడింటిలో ఏదో ఒకదాని దారిలోనే ఇరికించుకోవాలి. ఆ ఇరికించడంలోనే అసలు నేర్పుంది.

ఇలాంటి నేర్పు ఎక్కువగా అక్కర్లేని దేశం జర్మనీ. 1844లో తెరిచిన బెర్లిన్ జూ ఆ దేశంలో అన్నిటికన్నా పాతది. 1882లో దాని పక్కనే రైల్వే స్టేషన్ కట్టి, స్టేషన్‌కు జూ పేరే పెట్టారు. నగరం రెండు ముక్కలైన రోజుల్లో పశ్చిమ బెర్లిన్‌కు ముఖ్యమైన స్టేషన్ అదే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో భూగర్భ రైలు దిగే స్టాపు పేరు 'జూ'. హాంబర్గ్‌లో మెట్రో స్టేషన్‌కు హాగెన్‌బెక్ జంతువనం పేరుంది. లైప్‌జిగ్‌లో ట్రామ్ జూ గేటు ముందే ఆగుతుంది. వుప్పర్టాల్ ఊళ్లో నది మీద ఉక్కు పట్టాలకు వేలాడుతూ పోయే రైలు జూ స్టేషన్‌దాకా తీసుకెళ్తుంది. 1950 జూలై 21న ఒక సర్కస్ కంపెనీ ప్రచారం కోసం టుఫి అనే గున్న ఏనుగును ఆ రైలు ఎక్కించింది. అది బెదిరిపోయి గోడ బద్దలుకొట్టుకుని నదిలోకి దూకేసింది. అదృష్టం, చిన్న గాయాలతో బతికింది.

2023 మే నుంచి అక్కడ నెలకొక టికెట్టుతో దేశమంతా లోకల్, ప్రాంతీయ రైళ్లు, మెట్రోలు, ట్రాములు, సిటీ బస్సులు ఎక్కొచ్చు. మొదట్లో 49 యూరోలు, 2025 జనవరిలో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. దూరప్రయాణపు వేగ రైళ్లకు మాత్రం అది చెల్లదు. దేశానికి ఆ కొస నుంచి ఈ కొసకు పోవాలంటే మూడు నాలుగు బళ్లు మారాలి. ఓపిక ఉంటే చాలు, ఒక్క టికెట్టు మీద అయిదారు జూలు చూడొచ్చు. పాసు చేతిలో ఉన్న ఖరగ్‌పూర్ ఇల్లాలికి ఈ లెక్క ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

ఇక ఖరగ్‌పూర్ మార్గాలు. చిత్రమేమిటంటే, ఈ మూడు దారుల్లోనూ ఎవరో ఒక జర్మన్ వచ్చిపోయిన గుర్తులున్నాయి.

మొదటిది హౌరా మార్గం, 115 కిలోమీటర్లు. లోకల్లో రెండున్నర, మూడు గంటలు. కోలాఘాట్ వంతెన రాగానే పిల్లలంతా ఒక వైపుకు చేరతారు. సంత్రాగచ్చిలో స్టేషన్ పక్కనే పెద్ద చెరువుంది. చలికాలంలో దాని మీది గుర్రపుడెక్క మధ్య వేలకొద్దీ ఈలబాతులు వాలతాయి. జూ టికెట్టు కొనకముందే సగం జూ చూసినట్టు. హౌరాలో దిగితే, 2024 మార్చి నుంచి హుగ్లీ నది అడుగున మెట్రో నడుస్తోంది. ఎస్‌ప్లనేడ్‌లో మారి రవీంద్ర సదన్‌దాకా, అక్కణ్నుంచి అలీపూర్ జూకి బస్సు.

అలీపూర్ జూను 1876 జనవరి 1న వేల్స్ యువరాజు ప్రారంభించాడు. అయితే దాని వెనక పట్టుదల కార్ల్ లూయిస్ ష్వెండ్లర్ అనే జర్మన్‌ది. ఆయన భారత ప్రభుత్వ టెలిగ్రాఫ్ శాఖలో ఇంజినీరు. కలకత్తాకు జూ కావాలని ఏళ్లతరబడి పోరి, తాను పెంచుకున్న జంతువులనే మొదటి పెట్టుబడిగా ఇచ్చేశాడు. జూలో ఆయన స్మారకం ఉంది. దాని ముందు ఒక్క నిమిషం ఆగడం న్యాయం.

ఆ పునాది మీద ఇల్లు కట్టినవాడు రామబ్రహ్మ సన్యాల్. జూకి మొదటి భారతీయ సూపరింటెండెంట్. ఏ జంతువు ఏం తిన్నది, ఎప్పుడు జబ్బుపడింది, ఎలా కోలుకుంది అని ఓపిగ్గా రాసిపెట్టి, 1892లో బంధనంలోని జంతువుల సంరక్షణ మీద పుస్తకం వెలువరించాడు. ఆ రోజుల్లో ప్రపంచమంతటి జూలకు అది చేతిపుస్తకం. ఆయన హయాంలోనే 1889లో ఇక్కడ సుమత్రా ఖడ్గమృగం ఈనింది. మళ్లీ ఒక జూలో ఆ జాతి పిల్ల పుట్టి బతకడానికి 2001దాకా ఆగాల్సివచ్చింది, అదీ అమెరికాలోని సిన్సినాటిలో. నూట పన్నెండేళ్ల ఎడం! ఇంత పెద్ద సంగతి చెప్పే పలక కోసం పిల్లలు వెతుక్కోనక్కర్లేకుండా గేటు దగ్గరే పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఖరగ్‌పూర్ తాతలకు మాత్రం అలీపూర్ అంటే అద్వైత. అల్డాబ్రా ద్వీపాల నుంచి వచ్చిన రాక్షస తాబేలు. రాబర్ట్ క్లైవ్ పెంచుకున్నదని జనం చెప్పుకునేవారు. 1870లలో బారక్‌పూర్ నుంచి జూకి చేరింది. 2006 మార్చి 22న చనిపోయింది. రెండొందల యాభై ఏళ్లన్నారు. వయసు కచ్చితంగా తేలకపోయినా, దాని వీపు మీద చెయ్యేసి చూసినవాళ్లు, చూడాలని మారాం చేసినవాళ్లు ఈ ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు.

ఈ మార్గానికి ఒక్క హెచ్చరిక. అలీపూర్‌కు గురువారం సెలవు. వారంలో కనీసం ఒక రోజు జూ మూసి జంతువులకు మనుషుల నుంచి విశ్రాంతి ఇవ్వాలని మన దేశంలో నిబంధనే ఉంది. జర్మనీలో పెద్ద జూలు చాలావరకు ఏడాది పొడుగునా తెరిచే ఉంటాయి. మన పద్ధతే జంతువుకు మేలు. వారం చూసుకోకుండా బయల్దేరిన కుటుంబానికి మాత్రం మూసిన గేటు ఎదురవుతుంది. జనవరి 1 కూడా వద్దు. ఆ రోజు అలీపూర్‌లో పులికన్నా ముందు జనం వీపులే కనిపిస్తాయి.

రెండోది టాటానగర్ మార్గం. దీంట్లో నలభై కిలోమీటర్లయినా పోకముందే ఝార్‌గ్రామ్ వస్తుంది. ఒకప్పటి జింకల పార్కు ఇప్పుడు జంగల్‌మహల్ జూ. చుట్టూ సాల అడవి. బుడిబుడి అడుగులవాళ్లున్న ఇంటికి ఇదే సరైన తొలి యాత్ర. పొద్దున్న వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరొచ్చు. ఈ అడవుల్లో అడవి ఏనుగులు తిరుగుతాయి, పట్టాలూ దాటుతాయి. డ్రైవర్ల ఇళ్లల్లో పుట్టిన పిల్లలకు ఏనుగంటే జూలో చూసేది కాదు, నాన్న రాత్రి డ్యూటీలో బండి వేగం తగ్గించిన కథ.

ఖరగ్‌పూర్ నుంచి సుమారు 134 కిలోమీటర్లు పోతే టాటానగర్. జంషెడ్‌పూర్‌లోని జూబిలీ పార్కును 1958లో, టాటా ఉక్కు కంపెనీ యాభై ఏళ్ల గుర్తుగా, నెహ్రూ ప్రారంభించారు. అక్కడే 1994 మార్చిలో టాటా స్టీల్ జూ తెరిచారు. జూ చిన్నదే. పార్కు, ఫౌంటెన్లు, చెట్లు కలిపి రోజంతా గడిచిపోతుంది. ఈ ఊరి రూపురేఖల్లో ఒక జర్మన్ చెయ్యి ఉంది. బెర్లిన్‌లో పుట్టి, నాజీల పాలన నుంచి తప్పించుకుని, మైసూరు సంస్థానంలో కొలువు చేసిన వాస్తుశిల్పి ఓటో కోనిగ్స్‌బర్గర్. 1940లలో జంషెడ్‌పూర్ అభివృద్ధి ప్రణాళిక ఆయనదే. 1948లో ఒడిశా కొత్త రాజధాని భువనేశ్వర్‌కు మాస్టర్ ప్లాన్ గీసిందీ ఆయనే. ఖరగ్‌పూర్‌కు పడమట ఒక జూ ఊరు, దక్షిణాన ఒక జూ ఊరు, రెండింటి వీధుల వెనకా ఒకే మనిషి.

మూడోది దక్షిణ మార్గం. తెలుగువాళ్లకు ఇదే ఇంటి దారి. పాసు ఎక్కువగా వాడేదీ ఈ దారిలోనే.

ఖరగ్‌పూర్ నుంచి భువనేశ్వర్ సుమారు 320 కిలోమీటర్లు. అక్కడి నందన్‌కానన్ 1960లో మొదలైంది. కంజియా చెరువు పక్కన, చందకా అడవి అంచున, నాలుగు వందల హెక్టార్లకు పైగా పరుచుకుంది. పూరీ నుంచి ఢిల్లీకి పోయే ఒక ఎక్స్‌ప్రెస్ రైలుకు ఈ జూ పేరే పెట్టారు. జర్మనీ స్టేషన్‌కు జూ పేరు పెడితే, మనం ఏకంగా రైలుకే పెట్టేశాం. అయితే జూకి దగ్గర స్టేషన్ బారంగ్. పెద్ద బళ్లు అక్కడ ఆగవు. కటక్‌లోనో భువనేశ్వర్‌లోనో దిగి లోకల్ పట్టుకోవాలి, లేదా సిటీ బస్సు. బారంగ్‌లో దిగితే ఆటోలో కొద్ది నిమిషాలే.

నందన్‌కానన్ అంటే అందరికీ తెల్లపులులు. 1980 జనవరిలో మామూలు రంగు పులులైన దీపక్, గంగలకు మూడు తెల్ల పిల్లలు పుట్టాయి. దేశమంతా విరగబడి చూసింది. దీపక్, గంగ తండ్రీకూతుళ్లని, దగ్గర రక్తం కలిసినప్పుడు ఆ దాగిన జన్యువు బయటపడే అవకాశం ఎక్కువని, తెల్లపులి వేరే జాతి కాదని పిల్లలకు చెప్పి చూపించాలి. 2000లో ఇక్కడ పన్నెండు పులులు రక్తంలో చేరిన పరాన్నజీవి వల్ల చనిపోయాయి. ఆ దెబ్బ నుంచి తేరుకుని, 2009లో ప్రపంచ జూల సంఘంలో సభ్యత్వం పొందిన మొదటి భారతీయ జూ అయింది. అదే ఏడు అలుగుల సంతతి పెంచే కేంద్రం మొదలుపెట్టింది.

తెల్లపులుల గుంపు దాటి, జనం పలచబడ్డ చోట ఒక మడుగుంది. అందులో పొడుగాటి, సన్నటి ముట్టెతో ఘరియల్ మొసళ్లు. 1970లలో ఈ జాతి మన నదుల్లో తుడిచిపెట్టుకుపోయే దశకు వచ్చింది. మగ ఘరియల్ ముక్కు మీద కుండలాంటి బొడిపె ఉంటుంది. ఘరా అంటే కుండ, పేరు అందుకే. సంతతి పెంచుదామంటే సరైన మగది దొరకలేదు. చివరికి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ జూ తన మగ ఘరియల్‌ను పంపింది. 1980లో, తెల్లపులులు పుట్టిన ఏడాదే, నందన్‌కానన్‌లో ఘరియల్ గుడ్ల నుంచి పిల్లలు బయటికొచ్చాయి. మనిషి సంరక్షణలో ఉన్న జంటకు ఆ జాతి పిల్లలు పుట్టడం ప్రపంచంలో అదే మొదలు. గంగా, మహానదుల జంతువు జర్మనీదాకా వెళ్లి, తన జాతి కోసం తిరిగొచ్చింది. ఈ ముఖచిత్ర కథనంలో ఒక్క చోటే ఆగి చూడమంటే, ఆగాల్సింది ఆ మడుగు దగ్గర.

అప్పట్లో ఫ్రాంక్‌ఫర్ట్ జూకు మంచి పేరు తెచ్చినవాడు బెర్న్‌హార్డ్ గ్రిమెక్. 1945 నుంచి 1974దాకా డైరెక్టరు. సెరెంగెటి మైదానాల మీద ఆయన, కొడుకు కలిసి తీసిన చిత్రానికి ఆస్కార్ వచ్చింది. జూ అంటే పట్టి తెచ్చే చోటు కాదు, కాపాడి పంపే చోటు కూడా అన్న ఆలోచనకు ఊతమిచ్చిన తరం అది. అంతకుముందు తరంలో హాంబర్గ్‌కు చెందిన కార్ల్ హాగెన్‌బెక్, 1907లో, ఊచలు తీసేసి కందకం అవతల జంతువులను ఆరుబయట నిలబెట్టాడు. మన జూల కందకాలన్నీ ఆ ఊహకు వారసులే. ఢిల్లీ జూ నమూనాలో ఆయన వంశీకుడు కార్ల్ హైన్‌రిక్ హాగెన్‌బెక్ పాలుపంచుకున్నాడు. జంతువులకు ఊచలు తీసిన ఆ పెద్ద హాగెన్‌బెక్కే సింహళ దేశం నుంచి, ఆఫ్రికా నుంచి మనుషులను తీసుకెళ్లి జనానికి ప్రదర్శనగా చూపించాడు. జర్మనీ వెళ్లి ఆ జూ చూసేవాళ్లు ఈ సంగతి తెలుసుకునే చూడాలి.

భువనేశ్వర్ తర్వాత మజిలీ విశాఖ, మరో 440 కిలోమీటర్లు. కోరమాండల్, హౌరా చెన్నై మెయిల్, ఈస్ట్ కోస్ట్, ఈ పేర్లన్నీ ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్లల్లో చుట్టాల పేర్లలా వినిపిస్తాయి. విశాఖ ఇందిరాగాంధీ జూ 1977 మే 19న తెరిచారు. 625 ఎకరాలు. మూడు వైపుల తూర్పు కనుమలు, ఒక వైపు సముద్రం. కంబాలకొండ అడవి పొరుగునే ఉంది. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి మధురవాడ వైపు పోయే సిటీ బస్సు హైవే గేటు దగ్గర దింపుతుంది. బీచ్ రోడ్డు వైపు ఇంకో గేటుంది. ఒక గేటులో దూరి ఇంకో గేటు నుంచి సముద్రానికి పోవచ్చు. 

ఇప్పుడు పాసు లెక్క వేద్దాం. తిరుపతి పాసు రాయించేటప్పుడే దారిలో దిగే ఊళ్లుగా భువనేశ్వర్, విశాఖ వేయించుకోవాలి. శుక్రవారం రాత్రి బండెక్కితే శనివారం పొద్దున్న నందన్‌కానన్. తొమ్మిదికల్లా గేటు దగ్గరుండాలి. రాత్రి మళ్లీ బండి. ఆదివారం విశాఖ జూ. ఒక రోజు ఆలస్యమైతే సోమవారం పడుతుంది. నందన్‌కానన్, విశాఖ, టాటానగర్, హైదరాబాద్, అన్నిటికీ సోమవారమే సెలవు. అలా జరిగితే సోమవారం సింహాచలం అప్పన్న దర్శనం, రాత్రి పిన్నిగారింట్లో భోజనం, మంగళవారం జూ. ఈ వెసులుబాటు ఏ టైంటేబుల్లోనూ అచ్చవదు. ఆ తర్వాత రేణిగుంట, తిరుపతి. కొండ దిగాక శేషాచలం అడుగున 1987లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జూ ఉంది. అయిదు వేల ఎకరాలకు పైగా విస్తీర్ణం, దాదాపు అడవే. ఒక పాసు, మూడు జూలు, ఒక మొక్కు.

ఇంత అల్లికలోనూ తెగే పోగు చివరి కొద్ది కిలోమీటర్లు. వందల కిలోమీటర్లు కుటుంబాన్ని భద్రంగా తెచ్చిన రైలు, బారంగ్‌లో ఆగనంటుంది. రవీంద్ర సదన్ దగ్గర బస్సు నంబరు అడుక్కోవాలి. విశాఖ స్టేషన్ నుంచి జూకి నేరుగా ఫలానా వేళకు బస్సుందని చెప్పే బోర్డు ముసలివాళ్లకు ఎంత ఊరట! ఆదివారాలు ఒకటి రెండు ఎక్స్‌ప్రెస్‌లు బారంగ్‌లో రెండు నిమిషాలు ఆగితే, స్టేషన్ బయట జూ బస్సు నిలబడితే, కారు లేని ఇళ్లన్నిటికీ దారి తెరుచుకుంటుంది. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం 1,072 మీటర్లు. గోరఖ్‌పూర్, హుబ్బళ్లి దాటేదాకా ప్రపంచంలోకెల్లా పొడుగైనదని పిల్లలు గర్వంగా చెప్పుకునేవారు. మోకాళ్ల నొప్పులతో అంత పొడుగు ప్లాట్‌ఫారం నడిచి వచ్చిన అమ్మమ్మను, జూకి కొద్ది కిలోమీటర్ల ఇవతల ఆటో బేరానికి వదిలేయకూడదు.

తిరుగు ప్రయాణంలో బండి బారంగ్ దాటి, కాఠజోడి దాటి, కటక్‌లో ఆగుతుంది. కటక్ వదలగానే మహానది. వంతెన చాలాసేపు మోగుతుంది. ఈ నదిలోనే, ఎగువన సత్‌కోసియా కనుమలో, 1970ల చివరి నుంచి సంరక్షణలో పెంచిన ఘరియల్ పిల్లలను వదులుతూ వచ్చారు. ఏళ్లు గడిచాయి, వలల్లో చిక్కి కొన్ని పోయాయి, గూడు పెట్టిన జాడ లేదు. 2021 మేలో, నాలుగు దశాబ్దాల తర్వాత, అక్కడి ఇసుకలో ఒక తల్లి పెట్టిన గుడ్ల నుంచి ఇరవై ఎనిమిది పిల్లలు బయటికొచ్చాయి. కిటికీ దగ్గర మనవడు చీకట్లో నీళ్లకేసి కళ్లు చికిలించి చూస్తాడు. "కనిపించవు నానా, అవి చాలా పైన ఉంటాయి" అంటాడు తాత. వంతెన అయిపోయేదాకా కుర్రాడు కళ్లు తిప్పడు.